స్నాతకోత్తర ప్రవేశ వర్గాలు (ఆంధ్ర ప్రదేశ్)

స్నాతకోత్తర ప్రవేశ వర్గాలు అనగా ఎం.ఏ., ఎం.కాం., ఎం.ఎస్సీ., ఎం.టెక్., పి.హెచ్.డి. వంటి కోర్సులలో సీట్లు కేటాయించేటప్పుడు విశ్వవిద్యాలయాలు అభ్యర్థులను విభజించే శ్రేణులు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఒక అభ్యర్థికి ఒకేసారి నాలుగు రకాల వర్గీకరణలు వర్తిస్తాయి. అవి: చదివిన ప్రాంతాన్ని బట్టి స్థానిక లేదా స్థానికేతర వర్గం, కులాన్ని లేదా ఆర్థిక స్థితిని బట్టి సామాజిక వర్గం, మహిళలు, దివ్యాంగులు మొదలగు వారికి వర్తించే సమాంతర వర్గం, సీటుకు ఫీజు చెల్లించే విధానాన్ని బట్టి కన్వీనరు లేదా యాజమాన్య వర్గం. ప్రవేశ పరీక్షలో ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరికి ఈ నాలుగింటి కలయికను బట్టి వేరువేరు ఫలితాలు రావచ్చును. స్థానికతను అభ్యర్థి సొంత ఊరిని బట్టి గాక ప్రధానంగా అతడు చదివిన చోటును బట్టి నిర్ణయించడం ఈ విధానంలోని ముఖ్య లక్షణం.

ఈ వ్యాసం ఆంధ్ర ప్రదేశ్ విధానాన్ని వివరిస్తుంది. ఉదాహరణలు పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలలోని గణపవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు ప్రాంతాలకు చెందినవి.

నేపథ్యం

1969 నాటి తెలంగాణ ఉద్యమం, 1972-73 నాటి జై ఆంధ్ర ఉద్యమం రెండింటిలోను ఉద్యోగాలు, విద్యావకాశాలు ప్రధాన సమస్యలుగా ఉన్నాయి. ఈ వివాదాల పరిష్కారానికి 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించబడింది. దానిని అమలు చేయడానికి 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణం చేర్చబడింది. ఆ అధికరణం కింద రాష్ట్రపతి 1974లో విద్యాసంస్థల ప్రవేశాల క్రమబద్ధీకరణ ఉత్తర్వు జారీ చేశారు. ఈ ఉత్తర్వు రాష్ట్రాన్ని మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించింది.

* ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం: శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలు (విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది).
* శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం: చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురం, నెల్లూరు జిల్లాలు.
* ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతం: తెలంగాణ జిల్లాలు.

ఈ పేర్లు విశ్వవిద్యాలయాల పేర్లే అయినప్పటికీ ఇవి ఆ విశ్వవిద్యాలయాల పరిపాలనా పరిధులు కావు. గుంటూరు వద్ద ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం (1976), రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం (2006), మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం (2008) ఏర్పడిన తరువాత కూడా స్థానికత విషయంలో ఇవన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనే ఉన్నాయి. కనుక ఏలూరులో డిగ్రీ చదివిన విద్యార్థి విశాఖపట్నంలోను, గుంటూరులోను, రాజమండ్రిలోను స్థానికుడే. తిరుపతిలో మాత్రం స్థానికేతరుడు.

స్థానిక వర్గం

రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రతి కోర్సులోను 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయించబడతాయి. ఉదాహరణకు 20 సీట్లున్న ఒక ఎం.ఎస్సీ. కోర్సులో 17 సీట్లు స్థానికులవి. మిగిలిన 3 సీట్లు అన్‌రిజర్వుడు సీట్లు.

నాలుగేళ్ళ నియమం

అర్హత పరీక్షకు హాజరైన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఒక స్థానిక ప్రాంతంలోని విద్యాసంస్థలలో చదివినవారు ఆ ప్రాంతానికి స్థానికులవుతారు. స్నాతకోత్తర ప్రవేశానికి అర్హత పరీక్ష డిగ్రీ. మూడేళ్ళ డిగ్రీ చదివినవారి విషయంలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం, డిగ్రీ మూడు సంవత్సరాలు కలిసి ఈ నాలుగేళ్ళు అవుతాయి. బి.టెక్. చదివినవారికి ఆ కోర్సు కాలమే నాలుగేళ్ళు. అందువలన బి.టెక్. కళాశాల ఉన్న చోటే వారి స్థానికతను నిర్ణయిస్తుంది. నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీని అర్హతగా చూపేవారికి కూడా ఇదే లెక్క వస్తుంది.

ఆ నాలుగేళ్ళలో కొంతకాలమైనా ఏ విద్యాసంస్థలోను చదవనివారికి చదువుకు బదులు నివాసాన్ని పరిగణిస్తారు. అర్హత పరీక్ష ప్రారంభానికి ముందు నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో నివసించినట్లు వారు నిరూపించాలి. ప్రైవేటుగా పరీక్షలు రాసి డిగ్రీ పొందినవారికి ఈ నియమం ముఖ్యమైనది.

ఏడేళ్ళ నియమం

నాలుగేళ్ళ నియమం ప్రకారం ఏ ప్రాంతానికీ స్థానికులు కానివారికి ఏడేళ్ళ నియమం వర్తిస్తుంది. ఏడేళ్ళ చదువూ రాష్ట్రంలోనే సాగి ఉంటే అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ స్థానికులవుతారు. రెండు ప్రాంతాలలో సమాన కాలం చదివి ఉంటే చివరగా చదివిన ప్రాంతాన్ని పరిగణిస్తారు. మూడేళ్ళ డిగ్రీ చదివినవారికి తొమ్మిదవ తరగతి నుండి డిగ్రీ చివరి సంవత్సరం వరకు ఏడేళ్ళు.

ఉదాహరణలు

గణపవరంలో పుట్టి పెరిగిన ముగ్గురు విద్యార్థులను ఊహించుకుంటే ఈ నియమాల ప్రభావం స్పష్టమవుతుంది.

# మొదటి విద్యార్థి పదవ తరగతి, ఇంటర్మీడియట్ గణపవరంలోను, డిగ్రీ ఏలూరులోను చదివాడు. చివరి నాలుగేళ్ళూ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనే గడిచాయి గనుక అతడు ఇక్కడ స్థానికుడు.
# రెండవ విద్యార్థి ఇంటర్మీడియట్ వరకు గణపవరంలో చదివి, డిగ్రీ మూడేళ్ళు తిరుపతిలో చదివాడు. చివరి నాలుగేళ్ళలో ఒకటి ఆంధ్ర, మూడు శ్రీ వేంకటేశ్వర ప్రాంతాలకు చెందినవి. నాలుగేళ్ళ నియమం ప్రకారం అతడు ఎక్కడా స్థానికుడు కాడు. ఏడేళ్ళ లెక్కలో తొమ్మిది, పది తరగతులు, ఇంటర్మీడియట్ రెండేళ్ళు కలిపి నాలుగేళ్ళు ఇక్కడివి, మూడేళ్ళు అక్కడివి. కనుక అతడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతానికి స్థానికుడు.
# మూడవ విద్యార్థి ఇంటర్మీడియట్, డిగ్రీ రెండూ తిరుపతిలోనే చదివాడు. చివరి నాలుగేళ్ళూ అక్కడే గడిచాయి గనుక అతడు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతానికి స్థానికుడు. తల్లిదండ్రులు, ఇల్లు, ఓటు, రేషన్ కార్డు అన్నీ గణపవరంలో ఉన్నప్పటికీ సొంత జిల్లాలోని స్నాతకోత్తర సీట్లకు అతడు స్థానికేతరుడు.

రెండవ, మూడవ విద్యార్థుల మధ్య తేడా ఇంటర్మీడియట్ ఎక్కడ చదివారన్నదే. పదిహేనేళ్ళ వయసులో కుటుంబం తీసుకున్న నిర్ణయం ఐదేళ్ళ తరువాత స్నాతకోత్తర ప్రవేశంలో ఫలితం చూపుతుంది. ఇంటర్మీడియట్ చదువుకై పిల్లలను దూరపు నగరాలలోని వసతి కళాశాలలకు పంపే డెల్టా గ్రామాల కుటుంబాలకు ఇది తెలిసి ఉండవలసిన విషయం.

అన్‌రిజర్వుడు సీట్లు

మిగిలిన 15 శాతం సీట్లు స్థానికేతరుల కోటా అని సాధారణంగా భావిస్తారు. ఇది సరికాదు. ఈ సీట్లకు స్థానికులు కూడా పోటీపడవచ్చును. ప్రతిభ క్రమంలో ఎవరు ముందుంటే వారికే సీటు దక్కుతుంది. 1979లో విద్యాశాఖ జారీ చేసిన 646వ ఉత్తర్వు ప్రకారం ఈ సీట్లకు కింది వారు అర్హులు:

* స్థానికులుగా గుర్తింపు పొందిన అభ్యర్థులు.
* రాష్ట్రం వెలుపల చదివిన కాలాన్ని మినహాయించి, రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించినవారు.
* రాష్ట్రం వెలుపల ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి, తల్లి గాని తండ్రి గాని రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించిన అభ్యర్థులు.
* రాష్ట్రంలో పనిచేస్తున్న కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల, స్థానిక సంస్థల, విశ్వవిద్యాలయాల ఉద్యోగుల పిల్లలు, జీవిత భాగస్వాములు.

పై ఉదాహరణలలోని మూడవ విద్యార్థి, అలాగే చెన్నై, బెంగుళూరు వంటి చోట్ల డిగ్రీ చదివి తిరిగివచ్చిన గణపవరం విద్యార్థి, తల్లిదండ్రుల నివాసం ఆధారంగా ఈ 15 శాతం సీట్లకు పోటీపడవచ్చును.

రాష్ట్రవ్యాప్త సంస్థలు

వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటి కొన్ని సంస్థలను రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రవ్యాప్త సంస్థలుగా గుర్తించింది. వీటిలోని 85 శాతం సీట్లను ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర ప్రాంతాల మధ్య 42 : 36 : 22 నిష్పత్తిలో పంచేవారు. ఉస్మానియా భాగాన్ని తీసివేసి 42 : 22 నిష్పత్తిని శాతాలలోకి మార్చితే ఆంధ్ర ప్రాంతానికి సుమారు 65.62, శ్రీ వేంకటేశ్వర ప్రాంతానికి 34.38 వస్తాయి.

రాష్ట్ర విభజన తరువాత

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు, పునర్విభజన చట్టంలోని 95వ విభాగం ఉన్నత విద్యలో అప్పటివరకు ఉన్న ప్రవేశ కోటాలను పదేళ్ళకు మించకుండా కొనసాగించింది. ఈ కాలంలో ఒక రాష్ట్రం విద్యార్థులు రెండవ రాష్ట్రంలోని అన్‌రిజర్వుడు సీట్లకు పోటీపడ్డారు. ఈ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025లో ఆంధ్ర ప్రదేశ్ తన ప్రవేశ నియమాలను సవరించి ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలను మాత్రమే స్థానిక ప్రాంతాలుగా ఉంచింది.

హైదరాబాదులో చదువుకున్న కోస్తా జిల్లాల విద్యార్థులకు విభజన ప్రత్యేక సమస్య తెచ్చింది. చదువు ఆధారంగా వారు ఉస్మానియా ప్రాంతపు స్థానికులు. కుటుంబం ఆంధ్ర ప్రదేశ్‌కు తరలివచ్చినా ఇక్కడ స్థానికులు కాలేరు. దీని నివారణకు 2016లో రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి, 2014 జూన్ 2 నుండి మూడేళ్ళలోపు తెలంగాణ నుండి తరలివచ్చినవారిని స్థానికులుగా పరిగణించే వీలు కల్పించారు. ఈ గడువును తరువాత పొడిగించారు.

జిల్లాల మార్పులు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పాత పశ్చిమ గోదావరి జిల్లా విడిపోయి ఏలూరు కేంద్రంగా ఒక జిల్లా, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాయి. కొవ్వూరు, నిడదవోలు ప్రాంతాలు తూర్పు గోదావరిలో కలిశాయి. అంతకుముందు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉన్న కొల్లేరు తీరంలో కైకలూరు వైపు మండలాలు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. పాత జిల్లాలు రెండూ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోనివే కావడం వలన ఈ మార్పు ఎవరి స్థానికతనూ మార్చలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కుకునూరు, వేలేరుపాడు మండలాలు. ఖమ్మం జిల్లాలో ఉన్నప్పుడు ఇవి ఉస్మానియా ప్రాంతంలోనివి. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో ఇవి పశ్చిమ గోదావరి జిల్లాలో కలిశాయి. ఇక్కడ జిల్లా సరిహద్దుతో పాటు స్థానిక ప్రాంతపు సరిహద్దు కూడా దాటవలసి వచ్చింది.

సామాజిక వర్గాలు

రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రవేశాలలో సామాజిక రిజర్వేషన్లు ఈ విధంగా ఉన్నాయి:

* షెడ్యూల్డు కులాలు - 15 శాతం
* షెడ్యూల్డు తెగలు - 6 శాతం
* వెనుకబడిన తరగతులు, ఎ - 7 శాతం
* వెనుకబడిన తరగతులు, బి - 10 శాతం
* వెనుకబడిన తరగతులు, సి - 1 శాతం
* వెనుకబడిన తరగతులు, డి - 7 శాతం
* వెనుకబడిన తరగతులు, ఇ - 4 శాతం

ఇవి మొత్తం 50 శాతం. మిగిలిన 50 శాతం ఓపెన్ కేటగిరీ. ఈ సీట్లు ఏ కులానికీ ప్రత్యేకించినవి కావు. మంచి ర్యాంకు తెచ్చుకున్న ఏ వర్గపు అభ్యర్థి అయినా వీటిని పొందవచ్చును. ఈ రిజర్వేషన్లు స్థానిక సీట్లలోను, అన్‌రిజర్వుడు సీట్లలోను విడివిడిగా అమలవుతాయి. "అన్‌రిజర్వుడు" అన్న మాట ఇక్కడ ప్రాంతానికి సంబంధించినదే గాని కులానికి సంబంధించినది కాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం దరఖాస్తుదారులలో సాధారణంగా కనిపించే పొరపాటు.

వెనుకబడిన తరగతులు

అనంతరామన్ సంఘం నివేదికను అనుసరించి 1970లో వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి అని నాలుగు ఉపవర్గాలుగా విభజించి 25 శాతం రిజర్వేషన్ కల్పించారు. 2007లో ముస్లిములలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతంతో ఇ ఉపవర్గం చేర్చబడింది. దీనిని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేయగా, అదే సంవత్సరం మార్చిలో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ద్వారా కొనసాగించింది.

కొల్లేరు లంక గ్రామాలలో చేపలవేట ప్రధాన వృత్తిగా గల వడ్డి కులస్తులు ఎ ఉపవర్గంలోకి వస్తారు. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవ మతం స్వీకరించినవారు సి ఉపవర్గానికి, యాదవులు డి ఉపవర్గానికి చెందుతారు. శెట్టిబలిజలు బి ఉపవర్గంలో గౌడ, ఈడిగ కులాలతో కలిసి ఉన్నారు. జాబితాలో ఈ పేరు "విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల శెట్టిబలిజ" అని జిల్లాలతో సహా ఉంది. అనగా కొన్ని కులాల విషయంలో సామాజిక వర్గం కూడా ప్రాంతంతో ముడిపడి ఉంటుంది.

ఒక ఉపవర్గంలో అర్హులు లేక సీటు మిగిలితే అది తరువాతి ఉపవర్గానికి వెళ్తుంది. షెడ్యూల్డు తెగల సీట్లు మిగిలితే షెడ్యూల్డు కులాలకు, అలాగే కులాల సీట్లు మిగిలితే తెగలకు ఇస్తారు.

షెడ్యూల్డు కులాల వర్గీకరణ

షెడ్యూల్డు కులాలను నాలుగు ఉపవర్గాలుగా విభజిస్తూ ఆంధ్ర ప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని ఇ.వి.చిన్నయ్య కేసులో సుప్రీం కోర్టు 2004లో కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, ఉపవర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని తీర్పు చెప్పింది. రాజీవ్ రంజన్ మిశ్రా సంఘం నివేదిక తరువాత 2025 ఏప్రిల్‌లో ఆంధ్ర ప్రదేశ్ ఆర్డినెన్సు ద్వారా 15 శాతాన్ని మూడు భాగాలుగా చేసింది. రెల్లి మొదలగు 12 కులాలకు 1 శాతం, మాదిగ మొదలగు 18 కులాలకు 6.5 శాతం, మాల మొదలగు 29 కులాలకు 7.5 శాతం కేటాయించబడ్డాయి.

ఆర్థికంగా బలహీన వర్గాలు

2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా, ఇతర రిజర్వేషన్లు వర్తించని పేద కుటుంబాలకు 10 శాతం వరకు రిజర్వేషన్ ఇచ్చే వీలు ఏర్పడింది. కుటుంబ వార్షిక ఆదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండాలి. 2022 నవంబరు 7న సుప్రీం కోర్టు 3-2 ఆధిక్యతతో ఈ సవరణను సమర్థించింది. ఇతర వర్గాల సీట్లు తగ్గకుండా ఉండడానికి ఈ సీట్లను మంజూరైన సంఖ్యకు అదనంగా చూపే పద్ధతి ఉంది.

సమాంతర వర్గాలు

మహిళలు, దివ్యాంగులు, సైనికుల పిల్లలు, ఎన్.సి.సి. అభ్యర్థులు, క్రీడాకారులు సమాంతర వర్గాలలోకి వస్తారు. ఈ రిజర్వేషన్లు విడిగా ఉండవు. ప్రతి సామాజిక వర్గంలోను అడ్డంగా అమలవుతాయి. ఉదాహరణకు మహిళలకు 33⅓ శాతం అన్నప్పుడు బి ఉపవర్గానికి ఉన్న సీట్లలో మూడవ వంతు ఆ ఉపవర్గపు మహిళలకు దక్కాలని అర్థం. ప్రతిభతోనే అంతమంది మహిళలు ఎంపికైతే ప్రత్యేకంగా కేటాయించవలసిన అవసరం ఉండదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యాసంస్థలలో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు నిర్దేశించింది.

సీటు రకాలు

ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి కౌన్సెలింగ్ ద్వారా భర్తీ అయ్యేవి కన్వీనరు కోటా సీట్లు. విశ్వవిద్యాలయాలలో ఇవి సాధారణ సీట్లు, సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు అని రెండు రకాలు. రెండవ రకానికి ఫీజు ఎక్కువ. ప్రైవేటు కళాశాలలలో దీనికి తోడు యాజమాన్య కోటా ఉంటుంది. కౌన్సెలింగ్ విడతలు ముగిసిన తరువాత మిగిలిన సీట్లను స్పాట్ అడ్మిషన్ల ద్వారా నింపుతారు.

సీటు రకం ఫీజు రీయింబర్స్‌మెంటును ప్రభావితం చేస్తుంది. 2020 డిసెంబరులో జారీ అయిన 77వ ఉత్తర్వు ద్వారా రాష్ట్ర ప్రభుత్వం 2020-21 విద్యా సంవత్సరం నుండి ప్రైవేటు, ఎయిడెడ్ కళాశాలల స్నాతకోత్తర విద్యార్థులను ఈ పథకం నుండి మినహాయించింది. దీనితో రిజర్వేషన్ ద్వారా సీటు పొందినా ఫీజు కట్టలేని పరిస్థితి ఏర్పడుతుందని విద్యార్థి సంఘాలు నిరసన తెలిపాయి.

ప్రవేశ పరీక్షలు

2020 వరకు ఆంధ్ర, ఆచార్య నాగార్జున, శ్రీ వేంకటేశ్వర మొదలగు విశ్వవిద్యాలయాలు స్నాతకోత్తర కోర్సులకు వేరువేరు ప్రవేశ పరీక్షలు నిర్వహించేవి. 2021లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి తరఫున యోగి వేమన విశ్వవిద్యాలయం మొదటిసారి ఉమ్మడి పరీక్ష (ఏపీ పీజీసెట్) నిర్వహించింది. ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. కోర్సులకు ఐసెట్, ఎం.టెక్., ఎం.ఫార్మసీ కోర్సులకు పీజీఈసెట్, ఎల్.ఎల్.ఎం.కు పీజీఎల్‌సెట్, వైద్యవిద్యకు నీట్ పీజీ విడిగా ఉన్నాయి. స్నాతకోత్తర వైద్యవిద్యలో ప్రభుత్వ సర్వీసులోని వైద్యులకు ప్రత్యేక వర్గం కలదు.

కేంద్ర సంస్థలలో వర్గాలు

కేంద్ర ప్రభుత్వ సంస్థలకు పై స్థానికతా నియమాలు వర్తించవు. వాటిలో షెడ్యూల్డు కులాలకు 15, షెడ్యూల్డు తెగలకు 7.5, ఇతర వెనుకబడిన తరగతులకు 27, ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం సీట్లు ఉంటాయి. వెనుకబడిన తరగతులలో ఎ, బి, సి, డి విభజన లేదు. దానికి బదులు సంపన్న శ్రేణిని మినహాయిస్తారు.

తాడేపల్లిగూడెంలో ఈ రెండు విధానాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ పట్టణంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయపు ప్రాంగణం, 2015లో ప్రారంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఎన్.ఐ.టి.) ఉన్నాయి. ఎన్.ఐ.టి.లలో బి.టెక్. సీట్లలో సగం సొంత రాష్ట్రపు విద్యార్థులకు ఉంటాయి. ఎం.టెక్.లో అటువంటి కోటా లేదు. గేట్ అర్హతతో దేశవ్యాప్త కౌన్సెలింగ్ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. అందువలన గణపవరం విద్యార్థి ఒకే పట్టణంలోని రెండు సంస్థలకు దరఖాస్తు చేసినప్పుడు ఒకదానిలో "స్థానిక, బి.సి.-బి" అని, రెండవదానిలో "ఓ.బి.సి., సంపన్న శ్రేణి కానివారు" అని చూపవలసి ఉంటుంది. రాష్ట్ర జాబితాలోని కులం కేంద్ర జాబితాలో కూడా ఉన్నదీ లేనిదీ ముందుగా చూసుకోవాలి. ధృవపత్రాల నమూనాలు కూడా వేరు.

పరిశోధన కోర్సులు

పి.హెచ్.డి.లో పూర్తికాలిక, పాక్షికకాలిక అభ్యర్థులని రెండు వర్గాలున్నాయి. పాక్షికకాలిక అభ్యర్థులు పనిచేస్తున్న సంస్థ నుండి నిరభ్యంతర పత్రం తేవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2022 నియమాల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులు పొందినవారు స్నాతకోత్తర డిగ్రీ లేకుండానే పి.హెచ్.డి.కి అర్హులు. 2024 జూన్ నుండి నెట్ పరీక్షలో అభ్యర్థులను మూడు వర్గాలుగా ప్రకటిస్తున్నారు. మొదటి వర్గానికి ఫెలోషిప్, సహాయాచార్య అర్హత, పి.హెచ్.డి. ప్రవేశ అర్హత మూడూ ఉంటాయి. రెండవ వర్గానికి ఫెలోషిప్ ఉండదు. మూడవ వర్గానికి పి.హెచ్.డి. ప్రవేశార్హత మాత్రమే ఉంటుంది. రెండవ, మూడవ వర్గాలవారికి నెట్ మార్కులకు 70, మౌఖిక పరీక్షకు 30 శాతం విలువ ఇస్తారు. పి.హెచ్.డి. ప్రవేశానికి వారి నెట్ మార్కులు ఒక సంవత్సరం మాత్రమే చెల్లుతాయి.

గణపవరం పరిసరాలలోని విద్యాసంస్థలు

గణపవరంలో సర్వోదయ నాయకుడు, మాజీ మంత్రి చింతలపాటి వరప్రసాద మూర్తిరాజు పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. స్నాతకోత్తర చదువుకు ఇక్కడి విద్యార్థులు తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు, రాజమండ్రి, విశాఖపట్నం వెళ్తారు. ఏలూరులోని సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, భీమవరంలోని డి.ఎన్.ఆర్. కళాశాల రెండూ 1945లో స్థాపించబడ్డాయి. తాడేపల్లిగూడెం సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఇతర దేశాలలో

అమెరికా విశ్వవిద్యాలయాలలో ప్రవేశ వర్గం అన్న మాటకు అర్థం వేరు. అక్కడ కులం, ప్రాంతం వంటి కోటాలు గాక అభ్యర్థి చదువు స్థాయిని బట్టి వర్గాలుంటాయి. అన్ని అర్హతలూ ఉన్నవారికి పూర్తి ప్రవేశం, కొన్ని కోర్సులు ముందుగా పూర్తి చేయవలసినవారికి షరతులతో కూడిన ప్రవేశం, డిగ్రీ ఆశించకుండా కొన్ని పాఠ్యాంశాలే చదివేవారికి డిగ్రీయేతర ప్రవేశం ఇస్తారు. మూడేళ్ళ భారతీయ డిగ్రీ గలవారికి కొన్ని విశ్వవిద్యాలయాలు పూర్తి ప్రవేశం ఇవ్వవు. తెలుగు విద్యార్థులు ప్రవేశ పత్రంలో ఏ వర్గం రాసి ఉన్నదో గమనించడం అవసరం. ప్రవేశాలలో జాతిని పరిగణించడాన్ని 2023 జూన్ 29న అమెరికా సుప్రీం కోర్టు హార్వర్డ్ కేసులో తిరస్కరించింది.

కావలసిన ధృవపత్రాలు

స్థానికతకు తొమ్మిదవ తరగతి నుండి డిగ్రీ వరకు స్టడీ సర్టిఫికెట్లు ముఖ్యమైనవి. చదువులో విరామం ఉన్నవారు తహసీల్దారు జారీ చేసిన నివాస ధృవపత్రం చూపాలి. అన్‌రిజర్వుడు సీట్లకు తల్లిదండ్రుల పదేళ్ళ నివాసం లేదా ఉద్యోగ ధృవపత్రం కావాలి. సామాజిక వర్గానికి కుల ధృవపత్రం, ఆర్థికంగా బలహీన వర్గాలకు ఆదాయ ధృవపత్రం ఆధారం. మూతబడిన పాఠశాలల నుండి స్టడీ సర్టిఫికెట్లు పొందడం కష్టం గనుక వాటిని చదువు ముగిసిన వెంటనే తీసుకోవడం మంచిది.

వాదోపవాదాలు

స్నాతకోత్తర స్థాయిలో ప్రాంతీయ కోటాలు ఎంతవరకు ఉండవచ్చునన్నది దేశవ్యాప్తంగా చర్చనీయాంశం. ప్రదీప్ జైన్ కేసులో (1984) సుప్రీం కోర్టు స్నాతకోత్తర వైద్యవిద్యలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ తగదని చెప్పింది. 2025 జనవరి 29న తన్వీ బెహల్ కేసులో అదే అభిప్రాయాన్ని పునరుద్ఘాటించింది. ఆంధ్ర ప్రదేశ్ స్థానిక వర్గానికి మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణమే కావడం వలన దాని ఆధారం ఇతర రాష్ట్రాల నివాస కోటాలకు భిన్నమైనది.

స్థానికతను చదువుతో ముడిపెట్టడం వలన వెనుకబడిన ప్రాంతాల కళాశాలలలో చదివినవారికి రక్షణ లభిస్తుందని దీనిని సమర్థించేవారు చెబుతారు. గ్రామంలోని ప్రభుత్వ కళాశాలలో చదివిన పేద విద్యార్థికి, నగరాలలో చదివి వచ్చినవారితో పోటీలో 85 శాతం సీట్లు అండగా నిలుస్తాయన్నది వారి వాదన. బతుకుతెరువుకై వలస వెళ్ళిన కుటుంబాల పిల్లలు, సొంత ఊరిలో కోరిన కోర్సు లేక దూరం వెళ్ళినవారు తమ ప్రమేయం లేకుండానే స్థానికత కోల్పోతారని విమర్శకులు అంటారు. తల్లిదండ్రుల నివాసం ఆధారంగా అన్‌రిజర్వుడు సీట్లలో ఇచ్చిన అవకాశం ఈ ఇబ్బందిని కొంతమేరకే తగ్గిస్తుంది. ఎందుకనగా 20 సీట్ల కోర్సులో అవి మూడు మాత్రమే. ఆ మూడింటికి స్థానికులూ పోటీలో ఉంటారు.

ఇవి కూడా చూడండి

* ఆరు సూత్రాల పథకం
* ఆంధ్ర విశ్వవిద్యాలయం
* ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం
* గణపవరం (పశ్చిమ గోదావరి)
* కొల్లేరు సరస్సు